బీరు సంగారెడ్డి నుంచి, నీళ్లు పక్క గల్లీ నుంచి

2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు కింగ్‌ఫిషర్ బీరు సరఫరా ఆపేసింది. 2019-20 తర్వాత రేటు పెంచలేదని, బకాయిలు రాలేదని కంపెనీ గొడవ. కొద్ది రోజుల్లో సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో ప్రభుత్వం 15 శాతం పెంచింది, అక్కడితో అందరూ మర్చిపోయారు. అప్పుడే కొందరు అడిగిన ప్రశ్న ఒకటుంది: వరంగల్‌లో ఒక బీరు ఫ్యాక్టరీ ఉంటే ఈ తిప్పలు ఉండేవి కాదు కదా అని.

ఉన్నా పెద్దగా మారేది కాదు. ఎక్కడ తయారైనా పెట్టెలన్నీ సర్కారు బెవరేజెస్ కార్పొరేషన్‌కే అమ్మాలి, 1986లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన పద్ధతి ఇది. కొనేది ఒక్కరే, రేటు చెప్పేదీ వాళ్లే. అందుకే పెద్ద పెట్టుబడి ఉన్నవాళ్లే ఇందులో నిలబడ్డారు, అదీ హైదరాబాద్ మార్కెట్‌కు, మంజీర నీళ్లకు దగ్గరగా ఉన్న సంగారెడ్డి వైపే.

మన దగ్గర మందు చేయడం తెలియక కాదు. గౌడన్నల తాటికల్లు, ఈతకల్లు, ఏజెన్సీలో ఇప్పసారా ఎప్పటి నుంచో ఉన్నవే. నిజాం కాలంలో ఆబ్కారీ, అంటే మందు మీద పన్ను, ఖజానాకు పెద్ద ఆదాయమైంది, చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం, అవి కట్టకుండా గీసినా కాచినా నేరం. స్వాతంత్ర్యం వచ్చాక పేర్లు మారాయి, వేలాలు మారలేదు. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం వరుణవాహిని అని సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోసి తనే పంపింది. 1990ల మొదట్లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ ఇక్కడి పల్లెల్లో సారా అమ్మొద్దంది, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు తిరగబడ్డారు, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా పోయింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో ఎత్తివేత.

సారా పోయిన చోటికి గుడుంబా వచ్చింది. నల్లబెల్లం, పటిక ఉంటే చాలు, వరంగల్, మహబూబాబాద్ తండాల్లో పొయ్యి వెలిగినట్టే. తెలంగాణ వచ్చాక దాడులు గట్టిగా జరిగాయి, బెల్లం మీద కూడా కన్ను పడింది, 2024 మేడారం జాతరకు బంగారం కొనబోతే ఆధార్ అడిగారు (బంగారమంటే అక్కడ అమ్మవార్లకు ఇచ్చే బెల్లమే, దానికి కూడా!). లైసెన్సు ఉన్న సరుకు అయినా శుభ్రమేనా అంటే అదీ కాదు, నిజామాబాద్ వైపు డిపోల కల్లులో ఆల్ప్రాజోలం కలపడం అందరికీ తెలిసిన రోగం.

నీళ్ల కథ దీనికి పూర్తిగా తలకిందులు. మొదట గోలీసోడా. హైరమ్ కాడ్ అనే ఇంగ్లిష్‌వాడు 1870ల్లో పేటెంటు తీసుకున్న సీసా అది, లోపలి గ్యాసే గోలీని రబ్బరు రింగుకు నొక్కి పట్టుకుంటుంది. ఒక గిర్రున తిప్పే మిషను, ఒక గ్యాసు సిలిండరు ఉంటే సోడా వ్యాపారం, అంతే. 1990ల్లో పెప్సీ, కోక్ దిగాక ఆ మిషన్లు మూలకు పోయాయి.

తర్వాత బోర్లు లోతుకు దిగేకొద్దీ రాళ్లలోంచి ఫ్లోరైడ్ పైకొచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు ప్రమాదం. కాజీపేట కేంద్రంగా పనిచేసే బాలవికాస 2000 తర్వాత ఊళ్లలో నీటి శుద్ధి ప్లాంట్లు పెట్టించింది, కమిటీ నడుపుతుంది, కార్డు గీకితే 20 లీటర్లు. దాన్ని చూసి ప్రైవేటు వాళ్లు గల్లీకొకటి పెట్టారు. ఒక షెడ్డు, ఒక బోరు, ఒక ఆర్వో మిషను, డోర్ డెలివరీకి ఒక ట్రాలీ ఆటో. 2016లో మిషన్ భగీరథ మొదలైనా క్యాన్లు ఆగలేదు, నాలుకకు ఆర్వో రుచి అలవాటైపోయింది మరి.

సీలు వేసిన బాటిల్‌కు 2001 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు, 2024లో అది తీసేసి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ తనిఖీల కింద పెట్టారు. మన ఇంటికొచ్చే మూతపెట్టిన క్యాను మాత్రం చాలాచోట్ల ఈ రెండింటికీ చిక్కలేదు. పైగా చిన్న ప్లాంట్లలో ఎంత నీళ్లు శుద్ధి అవుతాయో, దాదాపు అంతా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, ఉప్పునీళ్లుగా మోరీలో పోతుంది. బోరు నీళ్ల వాడకాన్ని అదుపు చేయడానికి 2002 నుంచి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. గుడుంబా బట్టీ కోసం ఎక్సైజ్ జీపు తండా దాకా వెళ్తుంది గానీ, ఈ మోరీ లెక్క కోసం గల్లీలోకి వచ్చిన ఆఫీసర్ నాకైతే ఇంతవరకు కనబడలేదు.