ఒక్క ఓటు, మా ఊరి మత్తడి

చిట్టితల్లికి, నీ తమ్ముడికి తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్‌లో అడిగావు గదా, “1999లో వాజ్‌పేయి గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిందట. మన దేశంలో ప్రభుత్వం అంటే అంత బలహీనమా తాతయ్యా?” అని. మంచి ప్రశ్న. తీరిగ్గా చెప్పాల్సింది గనుక ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు ఏప్రిల్ 17. ప్రభుత్వం మీద సభకు నమ్మకం ఉందా లేదా అని లోక్‌సభలో ఓటు పెడితే, ప్రభుత్వం వైపు 269 ఓట్లు, ఎదురుగా 270. స్పీకర్ కుర్చీలో ఉన్నది మన కోనసీమ మనిషి, బాలయోగి గారు. ఫలితం తేలగానే వాజ్‌పేయి గారు రాష్ట్రపతి నారాయణన్ గారి దగ్గరికి వెళ్ళి రాజీనామా ఇచ్చారు. ఆ ఒక్క ఓటు కోసం ఎవరూ కత్తి దూయలేదు. మర్నాడు ఎప్పటిలాగే రైళ్ళు నడిచాయి. తర్వాత కొన్ని వారాలకే కార్గిల్ యుద్ధం వచ్చింది. ఢిల్లీలో ఉన్నది ఓడిపోయి ఆపద్ధర్మంగా నడుస్తున్న ప్రభుత్వం. అయినా సైన్యం దాని మాట విన్నది, యుద్ధం గెలిచింది. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎన్నికలు జరిగాయి. అదే వాజ్‌పేయి గారు మళ్ళీ గెలిచి ప్రమాణం చేశారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇది అర్థం కావాలంటే చెరువు సంగతి తెలియాలి. నువ్వు మన ఊరి చెరువు కట్ట మీద నడిచావు గానీ, దక్షిణం కొసన ఉన్న మత్తడి చూసి ఉండవు. కట్ట కన్నా కాస్త కిందికి రాళ్ళతో కట్టిన గోడ అది. చెరువు నిండాక మిగులు నీళ్ళు దాని మీదుగా దుంకి వాగులో పడతాయి. నా చిన్నప్పుడు ముసురు పట్టిందంటే మా చెవులన్నీ అటే. “మత్తడి దుంకుతున్నదిరో!” అని కేక వినబడితే పలకలు పడేసి ఉరికేవాళ్ళం. తువ్వాలలు అడ్డం పెట్టి పరక చేపలు పట్టేవాళ్ళం. చెరువు నీళ్ళ కాపలా చూసే నీరటి తాత కట్టె పట్టుకుని మమ్మల్ని తరిమేవాడు. రాత్రి కూడా కందిలి పట్టుకుని కట్ట పొడుగునా తిరిగేవాడు, ఎక్కడ నీరు ఊరుతున్నదో చూస్తూ.

ఒక ఏడు కొందరు రైతులు యాసంగికి కూడా నీళ్ళు నిలవాలని మత్తడి మీద రాళ్ళు పేర్చి మట్టి కొట్టారు. నీరటి తాత వద్దన్నాడు, ఎవరూ వినలేదు. చెరువు సముద్రంలా కనబడింది. ఊరంతా సంబరపడింది. ఆ వెనుక ఒక రాత్రి పెద్ద వాన కురిసి, పొలాలకు నీళ్ళు వదిలే తూము పక్కన గండి పడింది. తెల్లారేసరికి పొలాల్లో ఇసుక మేటలు.

దేశానికి ఓటే మత్తడి, కట్ట తెగకుండా అధికారం దిగిపోయే దారి అది. ఆ మత్తడిని దేశంలోనూ ఒకసారి మూశారు. 1971లో ఇందిరా గాంధీ గారి పార్టీకి 352 సీట్లు వచ్చాయి. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. ప్రతిపక్ష నాయకులు జైళ్ళకు వెళ్ళారు, పత్రికల మీద సెన్సారు వచ్చింది. 1976లో రావలసిన ఎన్నికలు వాయిదా వేసి లోక్‌సభ గడువు పెంచారు. పైకి చూస్తే అంతకన్నా గట్టి ప్రభుత్వం లేదు. 1977 మార్చిలో ఎన్నికలు పెడితే రాయ్‌బరేలీలో ఆమే ఓడిపోయారు. ఓడాక ఆమె దిగిపోయారు. ఆ మేలు కూడా చెప్పుకోవాలి, మత్తడికి అడ్డం పెట్టిన రాళ్ళు తీసింది ఆమే గనుక.

సీట్లు ఎక్కువైతే చాలదా అంటావేమో. 1984లో రాజీవ్ గాంధీ గారికి నాలుగు వందలు దాటాయి, ఐదేళ్ళకే అధికారం పోయింది. మన పి.వి. నరసింహారావు గారు 1991లో సొంత మెజారిటీ లేకుండా మొదలుపెట్టి ఐదేళ్ళూ నడిపారు. చెరువు నిండినా తూములో పూడిక పేరుకుంటే మడి ఎండుతుందమ్మా. తూమంటే మన మండలాఫీసు, రేషన్ దుకాణం, ఆసుపత్రి. కట్టకు అలలు కొట్టే వైపు పేర్చిన రాళ్ళు కోర్టులు. ఎన్నికల సంఘం నీరటి తాత. అతను ఒక ఆసామి వైపు ఒరిగితే ఊరు నమ్మదు. ప్రభుత్వంలో ఉన్నవాళ్ళకు అతని మీద కోపం రావచ్చు, అయినా అతని పని అతన్ని చేయనివ్వాలి. పెద్దయ్యాక నీ చేతికి ఏ చిన్న అధికారం వచ్చినా ఇది మరవకు.

ఇంకా చాలా ఉంది గానీ, నేను చెప్పడం కన్నా నువ్వు చూడటం మేలు. ఈసారి ఎన్నికలొచ్చినప్పుడు అమ్మ వెంట పోలింగ్ కేంద్రం దాకా వెళ్ళు. పార్టీల తరఫున ఏజెంట్లుగా కూర్చున్నవాళ్ళు మన వాడలోనే ఉంటారు. సాయంత్రం వాళ్ళని అడుగు: పోలింగ్ మొదలయ్యే ముందు అందరి ఎదుటా ఉత్తుత్తి ఓట్లు వేసి యంత్రాన్ని ఎలా సరిచూశారో, సీలు మీద ఎవరెవరు సంతకాలు పెట్టారో. ఒకరికొకరు పడని పార్టీల వాళ్ళ సంతకాలు ఒకే సీలు మీద ఎందుకుంటాయో తమ్ముడూ నువ్వూ ఆలోచించి నాకు రాయండి.

మీ తాతయ్య