మూడు వాద్యాలు, నాలుగో స్వరం

గిటారు, బేస్, డ్రమ్స్ తప్ప మరేమీ లేని బృందం ధ్వని అంత నిండుగా ఎలా ఉంటుందని ఒక పాఠకుడు అడిగారు. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన బ్లూ చీర్ బృందం 1968 జనవరిలో వెలువరించిన తొలి ఆల్బమ్ ‘విన్సెబస్ ఇరప్టమ్’ వింటే ఎవరికైనా ఈ సందేహం రావలసిందే. లీ స్టీఫెన్స్ గిటారు, డికీ పీటర్సన్ బేస్, గాత్రం, పాల్ వేలీ డ్రమ్స్. ఉన్నది ఈ ముగ్గురే. ఎడ్డీ కాక్రన్ 1958లో పాడిన ‘సమ్మర్‌టైమ్ బ్లూస్’ను వీరు ఎంత బరువెక్కించారంటే, అది ఆ పాటేనని పోల్చుకోవడానికి కాస్త సమయం పడుతుంది.

ఆ బరువు చాలావరకు యాంప్లిఫయర్‌లో పుడుతుంది. అందులో సంకేతాన్ని పెంచే వాక్యూమ్ ట్యూబుల్లో ఏదో మహిమ ఉందన్న నమ్మకం సంగీతకారుల్లో బలంగా ఉన్నా, అక్కడ జరిగేది లెక్కకు అందే పనే. ట్యూబు ఇవ్వగల వోల్టేజీకి ఒక హద్దు ఉంటుంది. ఆసిలోస్కోపు తెర మీద నున్నటి గుట్టల వరసలా కనిపించే తరంగం, ఆ హద్దు దాటించబోతే శిఖరాలు తెగి పీఠభూముల వరసగా మారుతుంది. తరంగం ఆకారం మారిందంటే కొత్త పౌనఃపున్యాలు చేరాయన్నమాట.

నన్ను అబ్బురపరిచే విషయం దీని తర్వాతే ఉంది. గిటారులో అతి మందపు తీగ 82.4 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. దాన్ని షడ్జమంగా తీసుకుంటే పంచమం దాదాపు 123.6. తరంగాలు ఒకదాన్నొకటి తాకకుండా దాటిపోతాయని తరగతిలో చెబుతారు. గాలిలో అది నిజమే కానీ, హద్దు మీరిన యాంప్లిఫయర్‌లో ఆ సూత్రం చెల్లదని కూడా అదే పాఠంలో చెప్పాలని నా అభిప్రాయం. అక్కడ రెండు స్వరాలూ కలిసి తమ భేదాన్ని, 41.2ను, మొత్తాన్ని, 206ను పుట్టిస్తాయి. శిఖరాలూ లోయలూ సమానంగా తెగితే ఈ దారి మూసుకుపోతుంది. అయినా షడ్జమానికి రెట్టింపైన 164.8 నుంచి పంచమాన్ని తీసివేసే మరో దారిలో మళ్ళీ 41.2 వస్తుంది. బేస్ గిటారులో అతి మందపు తీగ పౌనఃపున్యం సరిగ్గా ఇదే. గిటారు స్పీకరు అంత కింది స్వరాన్ని బలంగా పలికించలేకపోయినా, 82.4, 123.6, 164.8, 206 అన్నీ 41.2కు గుణిజాలు కావడంతో మెదడు ఆ మూలాన్ని తానే పూరించుకుంటుంది.

పంచమం బదులు అంతర గాంధారాన్ని, అంటే 103.8ను, పలికిస్తే కథ తారుమారవుతుంది. షడ్జమపు అయిదో అనుస్వరం, అంటే దాని పౌనఃపున్యానికి అయిదు రెట్లు, 412 దగ్గర, గాంధారపు నాలుగోది 415.2 దగ్గర పడి సెకనుకు మూడుసార్లు కొట్టుకుంటాయి. మామూలుగా మెత్తగా ఉండే ఈ అదురు, అనుస్వరాలు బలపడ్డాక గరగరగా చెవికి తగులుతుంది. హార్డ్ రాక్ గిటారిస్టులు గాంధారాన్ని తరచుగా వదిలేయడానికి ఇదొక ముఖ్య కారణం.

మొదటి షడ్జమ పంచమాలనే ఇద్దరు గిటారిస్టులు పంచుకుని, చెరో యాంప్లిఫయర్‌లో అంతే గట్టిగా వాయించినా, 41.2 గానీ 206 గానీ ఏ స్పీకరు నుంచీ రావు. రెండు తీగలూ ఒకే చేతి కింద మోగి, ఒకే ట్యూబులో ఇరుక్కున్నప్పుడే అవి పుడతాయి.