సన్‌డాన్స్‌కు వెళ్లేవారి అపోహలు, ఆ మంచు ఊరి వాస్తవాలు

చిత్రోత్సవాల గురించి రాయడం నా వృత్తి కావడంతో, చలికాలం దగ్గరపడేకొద్దీ అమెరికాలోని తెలుగువారు, ముఖ్యంగా సినిమా చదువుకుంటున్న కుర్రకారు, అక్కడ ఏటా జరిగే సన్‌డాన్స్ చిత్రోత్సవం గురించి నన్ను అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్నలలో చాలావరకు విన్నమాటల మీద కట్టుకున్నవే. 2026 జనవరి 22 నుంచి ఫిబ్రవరి 1 వరకు జరిగిన ఉత్సవంతో యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీ అధ్యాయం ముగిసి, 2027 నుంచి వేదిక కొలరాడోలోని బౌల్డర్‌కు మారుతున్నప్పటికీ, ఈ అపోహలు కొత్త ఊరికీ వెంట వెళ్లేలా ఉన్నాయి.

అపోహ: ఆహ్వానం అందిన తారలకు, చిత్రాలు కొనే సంస్థలకు తప్ప మామూలు ప్రేక్షకుడికి అక్కడ ప్రవేశం లేదు.

వాస్తవం: పత్రికలవారికీ పరిశ్రమవారికీ వేరే ప్రదర్శనలు ఉంటాయి కానీ, మిగిలిన ప్రదర్శనలన్నిటికీ టికెట్ ఎవరైనా కొనుక్కోవచ్చు. టికెట్లు త్వరగా అయిపోతాయన్నది నిజమే. అయితే అక్కడితో దారి మూసుకుపోదు. పార్క్ సిటీలో కొన్నేళ్లుగా అమలైన వెయిట్‌లిస్ట్ పద్ధతిలో, ప్రదర్శనకు రెండు గంటల ముందు ఫోన్‌లోనే వరుస సంఖ్య తీసుకొని, అరగంట ముందు థియేటర్ దగ్గర హాజరైతే, టికెట్లు, పాసులు ఉన్నవారు లోపలికి వెళ్లాక మిగిలిన సీట్లను ఆ సంఖ్యల క్రమంలో ఇచ్చేవారు. ఏ థియేటర్‌లో ఎన్ని సీట్లో లెక్క తెలిసినవాడిదే సీటు. మెయిన్ స్ట్రీట్ మీద 1926 నుంచి ఉన్న ఈజిప్షియన్ థియేటర్ చూడముచ్చటైనదే కానీ, దానిలో పట్టేది 300 మందికి లోపే. హైస్కూల్ ఆవరణలోని ఎక్లిస్ థియేటర్‌లో 1,200 మందికి పైగా కూర్చోవచ్చు. ఫొటోల కోసం అందరూ మొదటి దానికి ఎగబడుతుంటే, నిజంగా సినిమా చూడాలనుకున్నవారికి రెండవదే నయంగా ఉండేది. తొలి ప్రదర్శన చేజారితే బాధపడవలసిన పని కూడా లేదు, ఎందుకంటే ఒక్కో చిత్రాన్ని ఉత్సవంలో పలుమార్లు వేస్తారు. తారలు తిరుగుముఖం పట్టిన రెండవ వారంలో అదే చిత్రాన్ని ప్రశాంతంగా చూడవచ్చునని నా అభిప్రాయం.

అపోహ: సన్‌డాన్స్ ఉత్సవం సన్‌డాన్స్ అనే రిసార్ట్‌లో జరుగుతుంది.

వాస్తవం: ఈ పొరపాటుతో అక్కడ గది తీసుకున్నవారు ఉన్నారు. ఆ రిసార్ట్ ప్రోవో లోయ వైపు ఉంది. పార్క్ సిటీ నుంచి మంచు రోడ్డు మీద దాదాపు గంట ప్రయాణం. ఉత్సవం 1978లో సాల్ట్ లేక్ సిటీలో వేరే పేరుతో మొదలై, 1981లో స్కీయింగ్ కాలాన్ని చూసుకొని జనవరికి, పార్క్ సిటీకి మారింది. హాలీవుడ్ నటుడు, దర్శకుడు రాబర్ట్ రెడ్‌ఫర్డ్ స్థాపించిన సన్‌డాన్స్ ఇన్‌స్టిట్యూట్ దాని నిర్వహణను చేపట్టింది ఆ తరువాతే. ఇప్పటి పేరు 1991లో స్థిరపడింది.

అపోహ: చలికి తట్టుకుంటే చాలు.

వాస్తవం: థియేటర్లు వెచ్చగానే ఉంటాయి, కనుక ఒకే మందపాటి కోటు కంటే విప్పుకోవడానికి వీలైన పొరలుగా దుస్తులు వేసుకోవడం మేలు. అసలు ఇబ్బంది ఎత్తుతో వస్తుంది. పార్క్ సిటీ సముద్రమట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. గాలిలో పీడనం తగ్గి, ఒక్కో శ్వాసలో ఊపిరితిత్తులకు చేరే ఆక్సిజన్ తగ్గుతుంది, పైగా గాలి పొడిగా ఉండటంతో ఒంట్లో నీరు తెలియకుండానే తరిగిపోతుంది. మొదటి రోజే ఐదు సినిమాలు పెట్టుకొని, నిద్ర మానుకొని, నీళ్లకు బదులు కాఫీతో నెట్టుకువచ్చేవారు సాయంత్రానికి తలనొప్పితో మంచం పట్టడం నేను తరచుగా చూశాను. బౌల్డర్ కొంత కిందనే ఉన్నా, దాని ఎత్తు కూడా 5,400 అడుగుల పైమాటే. చెప్పుల విషయం ఒక్క ముక్కలో చెప్పాలంటే, పగలు కరిగి రాత్రి గడ్డకట్టే మంచు మీద నున్నటి అడుగున్న బూట్లు పనికిరావు.

అపోహ: అద్దె కారు లేనిదే తిరగలేము.

వాస్తవం: పార్క్ సిటీలో బస్సులు ఉచితం. కారు నిలిపే చోటు వెతుక్కునేసరికి సినిమా మొదలైపోయేది.

అపోహ: అక్కడ మన భాషలకు విలువ లేదు.

వాస్తవం: 2022లో ప్రపంచ డాక్యుమెంటరీ విభాగపు గ్రాండ్ జ్యూరీ బహుమతి ఢిల్లీలో తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’కు, 2025లో ప్రపంచ కథాచిత్ర విభాగపు గ్రాండ్ జ్యూరీ బహుమతి మరాఠీ చిత్రం ‘సాబర్ బోండ’కు వచ్చాయి. అయితే పోటీ ఏ స్థాయిదో కూడా తెలిసి ఉండాలి. 2024 ఉత్సవానికి వచ్చిన పూర్తి నిడివి చిత్రాలే 4,410.

అపోహ: వెళ్లలేకపోయినా ఇంట్లో కూర్చొని అన్నీ చూడవచ్చు.

వాస్తవం: 2021, 2022 సంవత్సరాలలో మహమ్మారి వల్ల చిత్రాలను ప్రధానంగా ఆన్‌లైన్‌లోనే చూపించారు కానీ, తరువాతి సంవత్సరాలలో ఎంపిక చేసిన చిత్రాలకే, అదీ ఉత్సవం రెండవ భాగంలోనే, ఆ సౌకర్యం ఉంచారు. అది కూడా అమెరికా లోపల ఉన్న ప్రేక్షకులకే కనుక, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవారు టికెట్ కొనే ప్రయత్నంలో సమయం వృథా చేసుకోకుండా, ఆ చిత్రాలు మన దేశపు ఉత్సవాలకు వచ్చేవరకు ఆగవలసి ఉంటుంది.