రెండు ఎఫ్‌ల సంగతి

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య దీవెనలు. జర్మన్ పుస్తకంలో పేజీ అడుగున 'ఎస్. 45 ఎఫ్ఎఫ్.' అని ఉంది, అదేంటని అడిగారు. ఫోన్‌లో చెబితే సగమే వింటారు, అందుకే రాస్తున్నాను.

ఎస్ అంటే జైటె, మన పుట. ఎఫ్ అంటే ఫోల్గెండె, 'తరవాతిది'. ఒక్క ఎఫ్ ఉంటే 45, దాని వెనకే వచ్చే 46, అంతే. రెండుంటే 45 మొదలుకొని ఆ తరవాతి పుటలు కొన్ని. కుర్రతనంలో ఈ తేడా తెలీక లైబ్రరీలో రెండు పేజీలే జిరాక్స్ తీయించుకుని వచ్చేశాను. తీరా చూస్తే అసలు విషయం 48లో ఉందట. మర్నాడు మళ్ళీ బస్సెక్కాను.

రెండో ఎఫ్ ఇంకేదో మాటకి పొడి అక్షరం అనుకునేరు. కాదు. లాటిన్ రాసేవాళ్లు మాటను ఒక్క అక్షరానికి కుదించి, బహువచనం కావాలంటే ఆ అక్షరాన్నే రెట్టించేవారు. ఇంగ్లీషు పుస్తకాల్లో పేజీల ముందు 'పీపీ.' అని ఉండేది అలాంటిదే. అంతెందుకు, వకీలుగారి బోర్డు మీద ఎల్ఎల్.బి. చూశారుగా? లాటిన్‌లో లెక్స్ అంటే చట్టం. చట్టాలు చాలా కాబట్టి రెండు ఎల్‌లు! జర్మన్ వకీళ్లయితే సెక్షన్ గుర్తును కూడా రెట్టిస్తారు. 1900 జనవరి 1న అమల్లోకొచ్చిన వాళ్ల పౌరస్మృతిలో క్రయవిక్రయాల సంగతి 433తో మొదలవుతుంది. దాన్ని '§§ 433 ఎఫ్ఎఫ్.' అని రాస్తారు.

నాకు దీనితో ఒక పేచీ ఉంది. ఎక్కడ మొదలో చెబుతుంది, ఎక్కడ ఆగాలో చెప్పదు. '45–48' అని రాస్తే వాళ్ల సిరా ఏం అయిపోతుంది? మీరు మాత్రం ప్రాజెక్టుల్లో అంకెలే వేయండి.

ఇంకో తమాషా. ఏదైనా విద్య కొట్టినపిండి అని చెప్పాలంటే జర్మన్లు 'ఆవుస్ డేమ్ ఎఫెఫ్' వచ్చు అంటారు. పుటల ఎఫ్‌లకీ దీనికీ చుట్టరికం లేదు. వర్తకులు మేలురకం సరుకుకు ఎఫ్, మరీ మేలైనదానికి ఎఫ్ఎఫ్ అని వేసేవారు, ఇటాలియన్ 'ఫీనో', 'ఫినిస్సిమో'ల నుంచి. ఆ మాట అక్కడిదే అని కొందరంటారు. మధ్యయుగపు న్యాయపండితులు రోమన్ చట్టాల డైజెస్ట్‌ను ఎఫ్ఎఫ్ అని రాసేవారు గనక అందులోంచి వచ్చిందని ఇంకొందరు. నాకు వర్తకుల కథే రుచిగా ఉంది. మీ అమ్మమ్మ మాత్రం, బియ్యం బస్తా మీదా రెండు ఎఫ్‌లు వేస్తే బాగుణ్ణు అంటోంది.

మీ పుస్తకంలో ఆ 45 ఎక్కడిదాకా సాగిందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య