ఫ్యాక్టరీలు పోయిన ఊళ్లోకి మనవాళ్లు ఎలా వచ్చారు? ఎడిసన్ కథ

2025 సెప్టెంబర్‌లో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్‌-1బీ (ఉద్యోగ వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించగానే, ఇటు గుంటూరు, కరీంనగర్‌లలో ఎంత టెన్షన్ పుట్టిందో అటు న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనూ అంతే పుట్టింది. ఇండియన్లు వచ్చి ఆ ఊరి రూపే మార్చేశారని చాలామంది అంటారు. అది సగమే నిజం. మనవాళ్లు అడుగుపెట్టేసరికే ఆ ఊరు రెండుసార్లు మారింది.

మొదట అది రారిటన్ టౌన్‌షిప్, పొలాల ఊరు. 1876లో థామస్ ఎడిసన్ అక్కడి మెన్లో పార్క్‌లో ప్రయోగశాల పెట్టాడు. మరుసటి ఏడాదే శబ్దాన్ని రికార్డు చేసే ఫోనోగ్రాఫ్, 1879లో విద్యుత్ బల్బు అక్కడ పుట్టాయి. ఆయన తర్వాత వేరే చోటికి వెళ్లిపోయినా, 1954లో ఊరి జనం ఓటు వేసి మరీ ఆయన పేరు పెట్టుకున్నారు.

ఆ పేరు పెట్టుకునే నాటికే పొలాలు ఇళ్ల స్థలాలవుతున్నాయి. 1948లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. పక్కనే పెద్ద హైవేలు పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, న్యూయార్క్ ఇరుకు వీధుల్లోంచి బయటపడాలనుకున్న కుటుంబాలు వచ్చి చేరాయి. 1940లో పదకొండు వేల పైచిలుకు ఉన్న జనాభా 1960కి 44,799కి, 1970కి 67,120కి పెరిగింది. డిగ్రీ లేకపోయినా ఫ్యాక్టరీ జీతంతో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని మంచి బడికి పంపగలిగిన కాలం అది. ఊరి సంపన్నతకు అసలు పునాది అక్కడే పడిందని నా నమ్మకం.

తర్వాత ఆ పనులు ఒక్కొక్కటే పోయాయి. 1917 నుంచి ఉన్న సైనిక ఆయుధాగారం 1963లో మూతపడింది. ఆ స్థలంలో చాలా భాగం ఇప్పుడు రారిటన్ సెంటర్ అనే గోదాముల సముదాయం. ఫోర్డ్ 2004లో మూసేసింది. కానీ ఆ రోజుల్లో కట్టిన ఇళ్లు, బడులు మిగిలాయి. నేరుగా న్యూయార్క్ తీసుకెళ్లే రైలు మిగిలింది. కొత్తవాళ్లకు కావలసింది సరిగ్గా అవే.

1965 వలస చట్టంతో అమెరికా తలుపులు తెరుచుకున్నాక వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు ముందు న్యూయార్క్, జెర్సీ సిటీల్లో కుదురుకున్నారు. 1987లో జెర్సీ సిటీలో ‘డాట్‌బస్టర్స్’ (డాట్ అంటే బొట్టు) పేరుతో ఒక ముఠా భారతీయులపై దాడులు చేసింది. ఇటు ఎడిసన్, పక్కనున్న ఐసెలిన్ మీదుగా సాగే ఓక్ ట్రీ రోడ్డులో చీరల కొట్లు, నగల దుకాణాలు, కిరాణా కొట్లు తెరిచినవాళ్లలో ఎక్కువమంది గుజరాతీలు. ఇక్కడా స్వాగతం అంత తేలిగ్గా దొరకలేదు. 1990లలో నవరాత్రి ఉత్సవాల వేళలపై టౌన్‌షిప్ ఆంక్షలు పెడితే వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది.

మన తెలుగువాళ్ల రాక ప్రధానంగా వై2కే (2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తలెత్తుతుందనుకున్న తేదీ సమస్య) రోజులది. కన్సల్టెన్సీ పిలిపించుకుంటే గెస్ట్‌హౌస్‌లో నలుగురైదుగురు సర్దుకోవడం, ప్రాజెక్టు దొరికేదాకా పని లేకుండా ‘బెంచ్’ మీద ఉండటం, దొరికాక రైలెక్కి మన్‌హటన్ వెళ్లడం. ఒక తరం ఇంజనీర్లకు ఎడిసన్ అంటే ఇదే. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఆ చుట్టుపక్కలే ఇల్లు కొన్నారు. వారాంతాల్లో బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుడికి వెళ్లడం అలవాటైంది.

2000లో ఊరి జనాభాలో ఆసియా మూలాలవాళ్లు 29 శాతం, 2010లో 43 శాతం. 2020 నాటికి సగం దాటారు. అప్పటికి మొత్తం జనాభా 1,07,588. కొరియా మూలాలున్న జున్ చోయి 2005లో, సామ్ జోషి 2021లో మేయర్లుగా గెలిచారు. జోషి ఆ పదవిలో తొలి భారతీయ అమెరికన్.

బడుల ఖర్చులో పెద్ద వాటా ఇంటి పన్నులదే. న్యూజెర్సీలో ఆ పన్నులు దేశంలోకెల్లా ఎక్కువ. వాటిని కడుతున్నవాళ్లలో ఎందరో ఇంకా గ్రీన్‌కార్డు క్యూలోనే ఉన్నారు. భారత్‌లో పుట్టినవాళ్లకు ఆ నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. హైదరాబాద్‌లో పుట్టి, రెండేళ్ల వయసులో ఎడిసన్ చేరి, అక్కడే హైస్కూల్ ముగించిన పిల్లకు ఈలోగా ఇరవై ఒకటి నిండితే, తల్లిదండ్రుల వీసా నీడ తొలగిపోతుంది. తను పెరిగిన ఊళ్లో ఉండటానికి ఆమె మళ్లీ విదేశీ విద్యార్థినిలా వేరే వీసా వెతుక్కోవాలి.