సెకనుకు 96,000 సున్నాలు

పది నిమిషాల్లో స్లీప్‌లోకి వెళ్లేలా సెట్ చేసిపెట్టిన విండోస్ ల్యాప్‌టాప్ ఒక్కోసారి గంటలు గడిచినా వెళ్లదు. స్క్రీన్ ఆరిపోతుంది గానీ మెషిన్ మేలుకునే ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘రిక్వెస్ట్స్’ అని చేరిస్తే సిస్టమ్‌ను పడుకోనివ్వనిది ఎవరో జాబితా వస్తుంది. అందులో సౌండ్ డ్రైవర్ పేరు, దాని కింద ఆడియో స్ట్రీమ్ వాడకంలో ఉందన్న ఇంగ్లిష్ వాక్యం కనిపించడం కొత్తేమీ కాదు. మ్యాక్‌లోనూ ఇదే గొడవ, అక్కడ కనిపించే పేరు ‘కోర్‌ఆడియోడి’, మ్యాక్‌లో ధ్వని పని చూసే ప్రోగ్రామ్. తీరా చూస్తే ఏ పాటా మోగడం లేదు. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులున్నా ఒక్కదాని మీదా స్పీకర్ గుర్తు లేదు. దొంగ ఏ వీధిలో ఉన్నాడో తెలిసింది, ఇల్లు మాత్రం తెలియలేదు.

ఆ ఇల్లు కొన్నిసార్లు బ్రౌజర్‌లోని ఒక నిశ్శబ్ద ట్యాబే. చాటింగ్ సైటో, ఆటల సైటో ‘టింగ్’ మనే చిన్న శబ్దం కోసం వెబ్ ఆడియోలో, అంటే పేజీలు ధ్వనిని తయారు చేసుకోవడానికి బ్రౌజర్‌లో ఉన్న ఏర్పాటులో, ‘ఆడియోకాంటెక్స్ట్’ అనే యంత్రాన్ని తయారు చేసుకుంటుంది. 2018 చివర్లో వచ్చిన క్రోమ్ 71 నుంచి, మనం పేజీని తాకేదాకా ఈ యంత్రం మామూలుగా ఆగే ఉంటుంది. అందుకని మొదటి క్లిక్ పడగానే దాన్ని నడిపించేలా సైట్లు కోడ్ రాసుకున్నాయి. మళ్లీ ఆపే వరుస మాత్రం చాలామంది రాయరు. ఇక అది 128 శాంపిళ్ల (ధ్వనిని కొలిచిన అంకెల) ముక్కలుగా ధ్వనిని లెక్కగడుతూనే ఉంటుంది. 48,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 48,000 శాంపిళ్ల చొప్పున, ఆ పని సెకనుకు 375 సార్లు జరుగుతుంది. వినిపించేదేమీ లేకపోతే ఆ శాంపిళ్లన్నీ సున్నాలే. బ్రౌజర్ తనంతట తాను పరికరాన్ని వదలకపోతే, స్టీరియోలో సెకనుకు 96,000 సున్నాలు సౌండ్ కార్డుకు చేరుతుంటాయి.

సున్నాలను లెక్కగట్టడం ప్రాసెసర్‌కు పెద్ద బరువేమీ కాదు. ఖర్చంతా నిద్ర చెడటంలోనే ఉంది. దాదాపు 2.7 మిల్లీసెకన్లకోసారి కాకపోయినా, బఫర్ (మోగే ముందు ధ్వనిని దాచే చోటు) నిండాల్సిన ప్రతిసారీ ప్రాసెసర్ లేవాలి, కాబట్టి లోతైన పొదుపు స్థితికి దిగే వీలుండదు. సౌండ్ చిప్ కూడా పవర్ తగ్గించుకోదు. చవక స్పీకర్లకు చెవి ఆనిస్తే సన్నగా ‘స్స్’ మంటుంది, స్ట్రీమ్ మూతపడ్డాక చిన్నగా ‘టప్’ మని ఆగుతుంది. ల్యాప్‌టాప్‌కూ ఫోన్‌కూ ఒకేసారి కలిసే బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో కొన్ని, ఈ మౌన ప్రవాహాన్నే పాట అనుకుని ఫోన్ శబ్దానికి చోటివ్వవు.

ట్యాబ్ మీద స్పీకర్ గుర్తు క్రోమ్‌లో 2014లో, ఫైర్‌ఫాక్స్‌లో 2015లో వచ్చింది. అప్పటి బాధ వేరు: ఏదో ట్యాబ్‌లో ప్రకటన మోగుతోంది, అది ఎక్కడుందో చెప్పండి బాబూ అన్నది. అందుకే ఆ గుర్తు శబ్దాన్ని చూస్తుంది గానీ సౌండ్ పరికరం వాడకాన్ని చూడదు. మ్యూట్ నొక్కడం కూడా మన చెవులకే ఊరట. వెనక డౌన్‌లోడూ డీకోడింగూ యథాప్రకారం సాగుతాయి.

పేజీ వెనక నెమ్మదించకుండా ఉండటానికి, తెలిసే శబ్దాన్ని నడిపేవాళ్లూ ఉన్నారు. 2021లో క్రోమ్ 88, ఐదు నిమిషాలకు పైగా కనబడకుండా ఉన్న పేజీల్లో వరుసగా ఒకదాన్నొకటి పిలుచుకునే టైమర్లను (కొంత సమయం తర్వాత కోడ్‌ను నడిపేవి) నిమిషానికి ఒక్కసారికి కుదించింది. గత 30 సెకన్లలో శబ్దం చేసిన పేజీకి మినహాయింపు ఉంది. ఉత్త నిశ్శబ్దాన్ని మోగిస్తే చెల్లదు. మరి చెవికి అందనంత సన్నటి శబ్దం మోగిస్తే? అప్పుడు గుర్తు వెలుగుతుంది, మనకేమీ వినిపించదు, బ్రౌజరే తప్పు చెబుతోందనుకుంటాం.

కాబట్టి మోగుతున్నది, మనం మ్యూట్ చేసినది అన్న రెండు స్థితులు చాలవు. సౌండ్ పరికరాన్ని తెరిచి పట్టుకుని మౌనంగా కూర్చున్నది మూడోది. దాన్ని ట్యాబ్ మీద మరో బొమ్మగా పెట్టడం నాకు సమ్మతం కాదు, అక్కడ ఇప్పటికే ఇరుకు. మౌస్ ఆనించినప్పుడు తెరుచుకునే కార్డులో క్రోమ్ మెమరీ వాడకం చూపిస్తోంది కదా, దాని పక్కనే ఒక్క వరుస చాలు: ‘సౌండ్ పరికరం 40 నిమిషాలుగా తెరిచి ఉంది, శబ్దం లేదు’. ట్యాబ్ వెనక ఉండి, 30 సెకన్లు నిశ్శబ్దం గడిచాకే అది కనబడాలి. లేకపోతే రెండు పాటల మధ్య విరామానికీ హెచ్చరిక వస్తుంది.

పక్కన ‘ఆపు’ బటన్ ఉండాలి, కానీ అది యంత్రాన్ని మూసేయకూడదు, నిలిపి ఉంచాలి, అంతే. ఆ పని బ్రౌజర్ తనంతట తాను చేస్తే ఇంకో చిక్కు. యంత్రం ఆగితే దాని లోపలి గడియారమూ ఆగుతుంది, తాళం వేసే మెట్రోనోమ్ పేజీ వెనకబడుతుంది. కాల్ కోసం ఎదురుచూసే పేజీ రింగ్ వినిపించలేకపోతుంది. మైక్ వాడుతున్న ట్యాబును అసలు ముట్టుకోకూడదు.

సైటు రాసేవాళ్లకు మందు తేలిక: టింగ్ అయ్యాక ‘సస్పెండ్’, మళ్లీ అవసరమైనప్పుడు ‘రెజ్యూమ్’. శబ్దం లెక్క కావాలి, స్పీకర్ అక్కర్లేదు అంటే 2023లో వచ్చిన క్రోమ్ 110 నుంచి ధ్వని ఏ పరికరానికి వెళ్లాలో చెప్పే ‘సెట్‌సింక్‌ఐడీ’కి ‘నన్’ రకం ఇచ్చి పరికరం జోలికే పోకుండా నడపొచ్చు.

ఈలోగా వెతుక్కోవడం మన పనే. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లోని వెబ్ఆడియో ప్యానెల్ ఆ పేజీలోని యంత్రం నడుస్తోందో ఆగిందో చెబుతుంది, కానీ ఒక్కో ట్యాబ్‌కూ విడిగా తెరవాలి. ట్యాబులు మూస్తూ పోతే త్వరగా తేలుతుంది: ఒకటి మూసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ పవర్‌సీఎఫ్‌జీ జాబితా చూడండి. సగానికి సగం మూసేసి, ఆ వాక్యం పోయాక వాటిని తిరిగి తెరిచి వెతుకుదామంటే కుదరదు. తిరిగి తెరుచుకున్న పేజీలో యంత్రం చాలావరకు ఆగిన స్థితిలోనే ఉంటుంది. మీరు మళ్లీ క్లిక్ చేసేదాకా అసలు దోషి కూడా అమాయకంగానే కనిపిస్తుంది.