చెరువు గాలంతో సముద్రం ఒడ్డుకు: అపోహలు - వాస్తవాలు

నేను గాలం వేయడం నేర్చుకున్నది మంజీరా ఒడ్డున. తవుడు, పల్లిచెక్క కలిపి ముద్ద చేసి గాలానికి పెట్టి, బెండు మునిగేదాకా కూర్చుంటే శీలావతో బొచ్చో పడేది. ఉద్యోగం విశాఖపట్నం తెచ్చాక మొదటి ఆదివారమే అదే కర్ర, అదే ముద్ద పట్టుకుని భీమిలి వెళ్లాను. మూడో అలకే ముద్ద కరిగిపోయి ఖాళీ గాలం చేతికొచ్చింది. పక్కన వల బాగు చేసుకుంటున్న ఓ తాత చూసి, "సంద్రానికి పిండెట్టడానికొచ్చావేటి బాబూ?" అన్నాడు.

ఇది జరిగి పన్నెండేళ్లయింది. ఇప్పుడు సెలవు రోజుల్లో కొత్తవాళ్లను నేనే ఒడ్డుకు తీసుకెళ్తున్నాను. వాళ్లలో చాలామంది చెరువుల దగ్గర చెయ్యి తిరిగినవాళ్లే. అదే వాళ్ల బలం, అదే చిక్కు కూడా. వాళ్ల నోట నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: తెల్లవారుజామున ఒడ్డున ఉంటే చాలు, చేప పడుతుంది.

చెరువులో ఇది చాలావరకు నిజం. సముద్రంలో మాత్రం చేప గడియారం సూర్యుడొక్కడే కాదు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు తగ్గడం). ఈ చుట్టు పూర్తవడానికి సుమారు 24 గంటల 50 నిమిషాలు పడుతుంది కాబట్టి ఇవాళ ఆరింటికి వచ్చిన పోటు రేపు దాదాపు ఏడింటికి వస్తుంది. గత ఆదివారం ఉదయం ఆరింటికి చేపలు బాగా పడ్డాయని ఈ ఆదివారం కూడా ఆరింటికే వెళ్లి, ఉత్త చేతులతో వచ్చి, "సముద్రంలో చేపలు తగ్గిపోయాయి సార్" అనేవాళ్లు నాకు బాగా తెలుసు. వారం తేడాతో నీళ్లు తలకిందులయ్యాయి, అంతే. అప్పుడు ఆరింటికి పోటులో ఉన్న నీరు ఇప్పుడు పాటులో ఉంది.

నీరు ఎక్కుతున్నప్పుడు, బయటపడి ఉన్న ఇసుక మళ్లీ మునుగుతుంది. అందులో దాక్కున్న పురుగులు, చిన్న పీతలు కదులుతాయి. వాటి కోసం చేప ఒడ్డుకు జరుగుతుంది. నా అనుభవంలో పోటు మొదలైన గంట తర్వాత నుంచి నీరు నిండేదాకా మంచి సమయం. ఆ సమయం తెల్లవారుజామునో, సాయంత్రం పొద్దు వాలాకో పడితే ఇంక సెలవు పెట్టినా తప్పు లేదు. పోటు, పాటు మధ్య నీరు నిలబడిపోయినప్పుడు నేనైతే టీ తాగడానికి వెళ్తాను.

పోటు వేళలు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఆటుపోట్ల అంచనాలు, పెద్ద అలల హెచ్చరికలు ఉచితంగా ఇస్తుంది. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని సముద్రం సంగతులు చెప్పడం నాకు ఇప్పటికీ తమాషాగానే ఉంటుంది.

అపోహ: అమావాస్యకి చేప పడదు.

తిథికీ చేపకీ సంబంధం లేదని నేను అనను. తిథికీ నీటికీ సంబంధం ఉంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు, పాటు మధ్య తేడా అన్నిటికంటే ఎక్కువ. విశాఖలో అది సుమారు మీటరున్నర దాకా వెళ్తుంది. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు బాగా తక్కువ. నీరు ఎక్కువ కదిలితే చేపా ఎక్కువ కదులుతుంది, దాంతోపాటు దారానికి బరువుగా కట్టిన మీ సీసమూ కొట్టుకుపోతుంది. కొత్తవాళ్లను నేను మొదటిసారి అష్టమి, నవమి రోజుల్లోనే తీసుకెళ్తాను. చేపలు తక్కువ పడినా పని నేర్చుకోవచ్చు.

అపోహ: ఎంత దూరం విసిరితే అంత పెద్ద చేప.

ఈ ఒక్క నమ్మకం మీదే పన్నెండు, పద్నాలుగు అడుగుల కర్రలు అమ్ముడుపోతున్నాయి. నేనూ ఒకటి కొన్నాను. ఓ సాయంత్రం యారాడలో ఒళ్లంతా విల్లులా వంచి విసిరి, అలల అవతల పడిన గాలాన్ని చూసి మురిసిపోతుంటే, నా ముందు మోకాలి లోతు నీళ్లలో పార చేప పిల్లలు చిన్న చేపల గుంపును తరుముతున్నాయి. నా ఎర వాటిని దాటి ఎక్కడో ఉంది.

ఇసుక తీరం పైకి చదునుగా కనిపించినా కింద అలా ఉండదు. ఒడ్డుకు సమాంతరంగా ఒక ఇసుక దిబ్బ, దానికీ ఒడ్డుకూ మధ్య ఒక కాలువ లాంటి పల్లం ఉంటాయి. అల తెల్లగా విరిగేచోట దిబ్బ. నురగ లేకుండా, రంగు కాస్త ముదురుగా, నీరు నిమ్మళంగా కనిపించేచోట పల్లం. చేప తిరిగేది ఆ పల్లంలోనే. చాలాసార్లు అది ఇరవై, ముప్పై మీటర్ల దూరంలోనే ఉంటుంది. పాటు బాగా ఉన్నప్పుడు ఒకసారి ఒడ్డంతా ఊరికే నడిచి పల్లాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి, పోటుకి వచ్చి అక్కడ వేయండి. తుఫాను వెళ్లాక మాత్రం పాత గుర్తులన్నీ మర్చిపోవాలి. ఇసుక చోటు మారుతుంది.

ఒక మాట. నురగ లేని ఆ నిమ్మళమైన దారి ఒడ్డు నుంచి నేరుగా లోపలికి పోతుంటే, అక్కడ నీరు సముద్రంలోకి తిరిగి వెళ్తోందని అర్థం. గాలం వేయడానికి అంచులు మంచివే, దిగడానికి మాత్రం కాదు. ఎప్పుడైనా లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ ధార నుంచి బయటపడండి.

అపోహ: కర్ర కొన ఊగితే చేప కొట్టినట్టే.

బెండు అలవాటైన కళ్లకు ఇది పెద్ద పరీక్ష. సముద్రంలో కర్ర కొన ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది, ప్రతి అల కూడా దారాన్ని లాగి వదులుతుంది. మొదటి రోజు ప్రతి ఊపుకీ కర్ర ఎత్తి ఎత్తి నా భుజం పట్టేసింది. ముందు అల లయ చూడండి. వంగి, మెల్లగా లేచి, మళ్లీ వంగితే అల. ఆ లయకు అడ్డంగా టకటకమని వస్తే చేప. ఉన్నట్టుండి దారం వదులైపోయినా చేపే, ఎర నోట్లో పెట్టుకుని మీ వైపు ఈదుతోంది. దీన్ని చాలామంది సీసం జారింది అనుకుని వదిలేస్తారు.

కర్రను ఎత్తుగా నిలబెడితే దారం దగ్గరి అలల మీదుగా పోతుంది, గందరగోళం సగం తగ్గుతుంది. సీసం కూడా చెరువులో వాడే గుండు రకం పనికిరాదు, దొర్లిపోతుంది. పిరమిడ్ ఆకారంలో ఉండేది ఇసుకలో దిగబడుతుంది. నేను మామూలు రోజుల్లో 80 గ్రాములది, నీటి ఈడ్పు ఎక్కువగా ఉంటే 120 గ్రాములది వాడతాను. సీసం దారం చివర, గాలాలు దానికి జానెడు, మూరెడు పైన. రాళ్ల దగ్గరైతే సీసాన్ని మాత్రం సన్నని, బలం తక్కువ దారంతో కట్టండి. ఇరుక్కుంటే అదొక్కటే తెగుతుంది, చేప దక్కుతుంది.

ఎరగా పిండి పనికిరాదని తాత మొదటి రోజే చెప్పేశాడు కదా. పచ్చి రొయ్య, కవ్వళ్ల (సార్డిన్ చేప) ముక్క, కందవాయి (స్క్విడ్) ముక్క, ఇవే. సన్నని ఎలాస్టిక్ దారంతో గాలానికి చుట్టేయండి. రొయ్య ఒలవకండి, పెంకుతోనే పెట్టండి.

అపోహ: పడిందల్లా కూరకే.

మంచినీటిలో పడిన ప్రతి చేపా దాదాపు తినేదే. ఇక్కడ అలా కాదు. గట్టు మీద వేయగానే పొట్ట బెలూన్‌లా ఉబ్బే చేప తరచూ పడుతుంది. పిల్లలకు భలే సరదా. దాని శరీరంలో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషం ఎంత ఉడికించినా పోదు. ఫొటో తీసుకోండి, నీళ్లలో వదిలేయండి.

జెల్లలు తినేవే, కానీ పట్టుకోవడం తెలియాలి. వీపు మీద ఒకటి, రెండు రెక్కల దగ్గర ఒక్కోటి, మొత్తం మూడు రంపపు ముళ్లు, వాటికి విషం. చెరువు జెల్లను పట్టుకున్నట్టే పట్టబోయి ఓ రాత్రంతా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ముల్లు దిగితే, చర్మం కాలని, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. ఆ విషం వేడికి విరిగిపోతుంది, నొప్పి దిగుతుంది. నొప్పి తగ్గిందని ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించండి, ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు. టేకు చేప (స్టింగ్‌రే) తోక ముల్లుకీ ఇదే వైద్యం. నీళ్లలో నడిచేటప్పుడు కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడిస్తే టేకు ముందే తప్పుకుంటుంది.

అపోహ: నీళ్ల పాముకి విషం ఉండదు.

చెరువు గట్టున పెరిగిన నాలాంటివాళ్లకు ఇది చిన్నప్పటి పాఠం. మన చెరువుల్లో తరచూ కనిపించే నీరుకట్టె వరకు సరే. సముద్రపు పాముల విషం మాత్రం నాగుపాముతో పోల్చదగ్గది. తోక తెడ్డులా పక్కలకు అణిగి ఉంటే అది పామే, పాములాంటి చేప కాదు. అలలకు కొట్టుకొచ్చి ఒడ్డున కదలకుండా పడి ఉన్నా ముట్టుకోవద్దు. గాలానికి తగిలితే గాలం కోసం కక్కుర్తి పడకుండా దూరం నుంచే దారం కోసేయండి.

అపోహ: బండ మీద నిలబడితే అల అందదు.

అలలు అన్నీ ఒక్క ఎత్తున రావు. పావుగంట బుద్ధిగా ఉండి, వెంటవెంటనే మూడు నాలుగు పెద్దవి వస్తాయి. నేను రాళ్ల మీదికి ఎక్కే ముందు ఇరవై నిమిషాలు దూరంగా కూర్చుని చూస్తాను. తీసుకెళ్లినవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ఎండలో కూడా తడిగా, నల్లగా ఉన్న బండ అంటే అల అక్కడిదాకా వస్తోందనే. పాచి ఉంటే అసలు వద్దు. పోటు వచ్చాక వెనక్కి దారి ఉంటుందా అన్నది ముందే చూసుకోవాలి. మబ్బు ఉరిమితే కర్ర కింద పెట్టేసి రండి, కార్బన్ కర్ర కరెంటును బాగా లాగుతుంది.

అపోహ: వేట నిషేధం రోజుల్లో గాలం కూడా వేయకూడదు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవలకూ మోటారు పడవలకూ నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఒడ్డున నిలబడి గాలం వేసేవాళ్ల గురించి కాదు. అయినా ఆ రెండు నెలలూ గుడ్లతో ఉన్న చేప పడితే నేను వదిలేస్తాను. ఆ రోజుల్లో పడవ కట్టేసుకుని కూర్చున్న మనిషి ముందు నుంచి సంచి నిండా చేపలు మోసుకుపోవడం నాకు బాగోదు. అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగుతున్నచోట గాలం వేయడం కూడా అలాంటిదే. మనకది సరదా, వాళ్లకది కూడు.

చివరగా రీలు. చెరువు నుంచి వచ్చి మూలన పెట్టినట్టు పెట్టేస్తే నెల తిరక్కుండా బిగుసుకుపోతుంది, నా మొదటిది అలాగే పోయింది. ఇంటికి రాగానే డ్రాగ్ (దారం బిగువును సరిచేసే మర) బిగించి, కుళాయి సన్నగా తిప్పి కడగండి. పైపుతో గట్టిగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. తుడిచి, డ్రాగ్ వదులు చేసి నీడన ఆరబెట్టండి. తెగిన తంగూసు ముక్కలు ఒడ్డున వదలకుండా జేబులో వేసుకోండి. జనవరి నుంచి మార్చి దాకా ఇదే ఇసుక మీదికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.